సారు కార్డు మీద

ఎబినేజర్ సారు చనిపోయి ఏడాది దాటినా లైబ్రరీకి రావడం మానలేదట. పొద్దున కాలేజీ గేటు తీసేసరికే వచ్చి కూర్చుంటాడట. కుర్చీ కిర్రుమంటుందట, మనిషి మాత్రం కనబడడట. కంప్యూటర్ తనంతట తానే వెలుగుతుందట, అడవిలోని ఊళ్లు ఒక్కొక్కటే తెరుచుకుంటాయట. గోదావరి మీద ఎండ ఎర్రబడేదాకా చదువుకుని, అప్పుడు లేచి పోతాడట.

ఈ మాట కాలేజీ ఆఫీసులో పుట్టింది. డిజిటల్ లైబ్రరీని ఎవరెవరు వాడుతున్నారో చూసి పంపమని యూనివర్సిటీ అడిగితే, గుమాస్తా కిషన్‌లాల్ ఆ వివరాలు ప్రింటు తీశాడు. కాగితం మొదట్నుంచి చివరిదాకా ఒకటే పేరు. ఆ పేరుగల మనిషి శవపెట్టెను కిషన్‌లాల్ కూడా ఒక పక్క భుజం పట్టి మోశాడు. కాగితం బల్ల మీద పెట్టి ఆయన గ్లాసెడు నీళ్లు తాగాడు. మధ్యాహ్నానికి ఆ మాట క్యాంటీను చేరింది. సాయంత్రానికి బస్టాండు దాటి చర్ల బస్సెక్కింది.

"ఏమే స్తుతీ, ఆ గదిల నువ్వొక్కదానివే ఉంటవు గదా, సారు కనబడ్డడా?" అని క్యాంటీను నాగక్క అడిగింది.

స్తుతి తల అడ్డంగా ఊపింది.

"కనబడితే చాయ్ తాగుతడేమో అడుగు. పైసలు ఇయ్యకున్నా పంపిస్త. బతికున్నన్ని రోజులు నా చాయే తాగిండు, ఇప్పుడు వేరే దగ్గర తాగుతుండేమో పాపం."

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. స్తుతి కూడా నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు. రోజూ పొద్దున ఆ పేరుతో కంప్యూటర్ తెరిచేది తనే.

స్తుతి మాటలు తక్కువ పిల్ల. నలుగురున్న చోట గోడకు ఆనుకుని నిలబడుతుంది, ఎవరు ఎటు చూస్తున్నారో గమనిస్తుంది. తండ్రి సంసోను తాపీ మేస్త్రి. ఆమె ఇంటరు మొదటి ఏడు చదువుతుండగా తల్లికి కాలూ చెయ్యీ పడిపోయాయి. తల్లి మళ్లీ లేచి గోడ పట్టుకుని నడిచేసరికి స్తుతితో చదివిన పిల్లలంతా పైచదువులకు వెళ్లిపోయారు. తను మళ్లీ చదువు కోసం కాలేజీ గడప తొక్కలేదు.

గోదావరి పొంగి భద్రాచలంలోకి వచ్చిన ఏడాది కాలేజీ లైబ్రరీలోకి కూడా వచ్చింది. నీళ్లు తీశాక తడిసిన కాగితాలు ఆరబెట్టడానికి రోజుకూలీకి మనుషులు కావాలన్నారు. సంసోను కూతుర్ని పంపాడు. ఆమె లైబ్రేరియన్ ఎబినేజర్ సారును మొదటిసారి చూసింది అప్పుడే.

లైబ్రరీ వరండా పొడవునా స్తంభానికీ స్తంభానికీ తాళ్లు కట్టి ఉన్నాయి. తాళ్ల మీద బట్టలకు పెట్టే క్లిప్పులతో కాగితాలు వేలాడుతున్నాయి. వాటి మధ్య కుర్చీ వేసుకుని, తెల్లచొక్కా మోచేతుల దాకా మడుచుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"అచ్చు పుస్తకాలు పోతే పోయినయి బిడ్డా, మళ్లా కొనుక్కోవచ్చు. ఇయ్యి ఊళ్లు. ఇయ్యి పోతే మళ్లా రావు" అన్నాడు ఆమెతో.

అవి నిజంగా ఊళ్లే. ఆ కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు చదివే ప్రతి విద్యార్థీ ఎండాకాలం సెలవుల్లో సొంతూరుకు వెళ్లి ఆ ఊరి గురించి రాసుకురావాలి. ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉంది, ఏ చేను కింద ఏ వాగు పారుతుంది, ఇప్పపూలు ఎప్పుడు రాలతాయి, జ్వరానికి ఏ ఆకు నూరిపోస్తారు, పెళ్లిలో ఏ పాట పాడతారు. చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి, వెంకటాపురం దాటి రోడ్డే లేని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి రాసినవి. అన్నీ చేతిరాతలు, ఒక్కొక్కటే ప్రతి. ఇనప బీరువాల్లో కింది అరల్లో ఉండేవి గనుక నీళ్లు ముందు వాటినే పట్టుకున్నాయి.

నది మీంచి గాలి వచ్చినప్పుడల్లా తాళ్ల మీద ఊళ్లన్నీ ఒకేసారి ఊగేవి. సిరా కరిగి, నీలంగా పాకి, అక్షరాల చుట్టూ చిన్న చిన్న చెరువులు కట్టింది. స్తుతి తల వంచుకుని వాటి కింద నుంచి నడుస్తుంటే ఒక ఊరి పెళ్లిపాట చెంపకు తగిలేది, ఇంకో ఊరి పులికథ జడకు చుట్టుకునేది. తను నేల మీద ఉన్నదో, నీళ్ల అడుగున ఉన్నదో తెలియనట్టు ఉండేది. పనికి పోతున్నానన్న సంగతే మరిచి వెళ్లేది ఆ రోజుల్లో.

ఊరి పేరు కొట్టుకుపోయిన కాగితాలు చాలా ఉండేవి. అలాంటిది దొరికితే సారు చేతికి ఇచ్చేది. ఆయన దాన్ని బొటనవేలితో నిమిరి, వాసన చూసి, "రెండు వాక్యాలు చదువు బిడ్డా, కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అనేవాడు. ఆమె గొంతు పెగుల్చుకుని చదివేది. వాగు పేరో, ఇంటిపేరో వినబడగానే ఆయన కళ్లు మూసుకుని, ఆ కాగితం ఏ ఊరి తాడు మీదికి పోవాలో చెప్పేవాడు. ఒక్కోసారి తప్పు చెప్పేవాడు కూడా. చెప్పి, మర్నాడు వస్తూనే, "నిన్నటిది అక్కడిది గాదు. రాత్రంతా ఆ వాగు నన్ను నిద్ర పోనియ్యలే" అని మార్పించేవాడు.

కళ్లద్దాలు మాత్రం ఏ రోజూ ఇంట్లో లేవు. చొక్కా జేబులోనే ఉండేవి. స్తుతి అది చూసింది, ఊరుకుంది. ఒక రోజు ఆయన ఒక కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, "చేతిరాత ముత్యాల్లెక్క ఉంది సూడు" అన్నాడు.

"సార్," అంది స్తుతి, తనకే వినబడనంత మెల్లగా. "తలకిందులు పట్టుకున్నరు."

ఆయన కాగితం దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఊగుతున్న తాళ్ల వైపు మొహం తిప్పాడు.

"ఎప్పుడు కనిపెట్టినవ్?"

"అద్దాలు జేబులనే ఉంటయి గద సార్."

"సుగర్ తినేసింది బిడ్డా. మనుషులు నీడల్లెక్క అవుపిస్తరు. నడుస్త, మెట్లు దిగుత, చాయ్ తాగుత. అక్షరం ఒక్కటే అవుపియ్యదు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవ్వరికీ చెప్పకు. తెలిస్తే ఇంటికాడ కూసోమంటరు. ఈ తడి కాయితాలు ఏ ఊరికాడివో కలిపేటోళ్లు మళ్ల ఎవరున్నరు? ఇయ్యన్నీ ఒడ్డుకు పడనీ, తర్వాత నేనే పోత."

"చెప్పను సార్" అంది స్తుతి.

ఆ తర్వాత కొన్ని నెలలకు యూనివర్సిటీ నుంచి ఒక పథకం వచ్చింది. చిన్న కాలేజీల లైబ్రరీల్లో ఉన్న పాత రాతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అడిగినవాళ్లకు చూపించేందుకు ఒక కంప్యూటరూ, ఒక స్కానరూ పంపారు. ల్యాబులో పనిచేసే ఒకాయన నాలుగు రోజులు నేర్పితే స్తుతి నేర్చుకుంది. కాగితం అద్దం మీద బోర్లించడం, మూత వేయడం, పచ్చటి వెలుగు అంచులోంచి జారిపోతుంటే చూడడం. సారు కిటికీ పక్కన కూర్చుని ఆ చప్పుడు వినేవాడు. "ఏ ఊరు పోతుంది ఇప్పుడు?" అని అడిగేవాడు, బస్సు కిటికీలోంచి అడిగినట్టు. స్కాను చేసిన కాగితాల్లో చాలావరకు తర్వాత ముట్టుకుంటే అప్పడాల్లా విరిగిపోయాయి. ఇక ఆ ఊళ్లు ఉన్నది ఆ మిషన్‌లోనే.

పని ఒక కొలిక్కి వచ్చాక ప్రిన్సిపాల్ చిన్న సభ పెట్టి, ఈ వయసులో కంప్యూటర్ నేర్చుకుని ఇంత పని చేశాడని ఎబినేజర్ సారును మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి నిలబడి, చప్పట్లు ఎక్కువగా వినబడుతున్న వైపు తిరిగి దండం పెట్టాడు. వెనక వరసలో స్తుతి తన కాలివేళ్లు చూసుకుంటూ నిలబడింది.

ఎబినేజర్ సారుది కల్లూరు. తండ్రి క్రైస్తవ మిషన్ బడిలో పంతులు. పద్దెనిమిదేళ్ల వయసులో అటెండరుగా ఈ కాలేజీకి వచ్చి, దూదితో పుస్తకాల దుమ్ము తుడుస్తూ తుడుస్తూ పరీక్షలు రాసి లైబ్రేరియన్ అయ్యాడు. ఆయన లైబ్రరీకి ఒక ఆనవాయితీ ఉండేది. పుస్తకాలు ఇచ్చేది విద్యార్థులకూ, స్టాఫుకూ మాత్రమే అని గోడ మీద రాసి ఉంది. కానీ ఊళ్లో దవాఖానా నర్సు వచ్చేది, బస్సు కండక్టరు వచ్చేవాడు, అడవిలోంచి తేనె అమ్మడానికి వచ్చినవాడు తలుపు దగ్గర తచ్చాడేవాడు. సారు వాళ్లను లోపలికి పిలిచి, అడిగిన పుస్తకం తన సొంత కార్డు మీద రాసి ఇచ్చేవాడు. పుస్తకం తిరిగి రాకపోతే ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి ఆ ఊరికే పోయేవాడు. వచ్చేటప్పుడు చేతిలో పుస్తకంతో పాటు ఒక సొరకాయ కూడా ఉండేది. ఒక్కోసారి సొరకాయ ఒక్కటే ఉండేది.

అలా ఊళ్లో 'సారు కార్డు మీద' అనేది ఒక మాట అయిపోయింది. కొత్తగా వచ్చినవాడు బెదురుతుంటే పాతవాడు, "ఏం గాదు, సారు కార్డు మీద అడుగు" అనేవాడు.

కంప్యూటర్ వచ్చాక కూడా అదే సాగింది. అందులోనూ లాగిన్ ఇచ్చేది విద్యార్థులకూ, స్టాఫుకే. స్తుతి రోజుకూలీ గనుక ఆమెకూ లేదు. "నా కార్డు మీద తెరువ్ బిడ్డా" అన్నాడు సారు. బయటివాళ్లకు ఎలాగూ అదే దిక్కు. విద్యార్థులు కూడా తమ పాస్‌వర్డు చీటీలు పారేసుకుని, "సారు దాంట్లనే తెరువక్కా, జల్దీ" అని ఆమె వెనక నిలబడేవాళ్లు. ఒక్క పేరు కింద ఊరంతా చదువుకుంది.

కంప్యూటర్ ముందు ఒక బెంచీ ఉండేది. సంతరోజు ముసలయ్య అనే తాత వచ్చి దాని మీద కూర్చునేవాడు. అడవి అంచున వాగు పక్క ఊరు ఆయనది. వరద తర్వాత ఊరిని మిట్ట మీదికి మార్చారు. కొత్త ఊళ్లో ఇళ్లన్నీ వరసల్లో ఉంటాయి, ఎవరి వాకిలి ఎవరికీ ఎదురుపడదు. పాత ఊరి గురించి ఎప్పుడో ఒక కుర్రాడు రాసింది ఈ మిషన్‌లో ఉంది. ముసలయ్యకు చదువు రాదు. స్తుతి చదివేది.

"ఊరి మొదట్లో చింతచెట్టు, దాని పక్కన బొజ్జయ్య ఇల్లు..."

"ఆగు బిడ్డా, జర ఆగు. బొజ్జయ్య కుక్క మొరుగుతది. పోనీ... ఆఁ, ఇప్పుడు పోదాం."

ఆమె ఆగేది. ముసలయ్య కళ్లు మూసుకునేవాడు. కిటికీ పక్క సారు కూడా కళ్లు మూసుకునేవాడు. చదువు రాని ఒకాయన, చూపు లేని ఒకాయన, ఆమె గొంతు వెంట ఆ నీళ్లు మింగిన వీధిలో మెల్లగా నడిచేవాళ్లు. పొయ్యిల పొగ వచ్చేది. ఎవరో రోట్లో దంచుతుండేవారు. వీధి చివర వాగు దగ్గర అందరూ కాసేపు నిలబడేవాళ్లు. స్తుతికి కూడా అరికాళ్ల కింద ఇసుక చల్లగా తగిలేది. ఎవరో వచ్చి తలుపు నెట్టేదాకా ముగ్గురికీ భద్రాచలం గుర్తుండేది కాదు.

అటు తర్వాత షబ్రీన్ వచ్చి పాత పరీక్ష పేపర్లు అడిగేది. టైలరు కూతురు, ఇంట్లోనే ఉండి ప్రైవేటుగా డిగ్రీ కడుతోంది. బస్సు ఆగిన గంటసేపట్లో కండక్టరు ధన్‌సింగ్ వచ్చి, తన తండా గురించి ఎవరో రాసిన దాంట్లో నాయనమ్మ పేరు ఉన్న పేజీ మళ్లీ చూపించమనేవాడు. ఎన్నిసార్లు చూసినా, "అగో, ముసలిది ఇంకా ఉన్నది" అని నవ్వేవాడు.

తునికాకు కోసే ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సారు ఇంట్లో పడుకున్నవాడు లేవలేదు. ఆ వారం సంతకు వచ్చిన ముసలయ్య లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఇంక ఎవరి కార్డు మీద బిడ్డా?" అన్నాడు.

స్తుతి బెంచీ దుమ్ము దులిపింది. "సారు కార్డు మీదనే తాతా. రా, కూసో."

ఆ తర్వాతి ఏడు, రెండు వేల తొమ్మిదిలో, యూనివర్సిటీ నుంచి ఫజల్ సార్ వచ్చాడు. ఖమ్మం మనిషి, నెమ్మదస్తుడు. పథకం కింద ఇచ్చిన డిజిటల్ లైబ్రరీలు ఎక్కడెక్కడ ఉపయోగపడుతున్నాయో చూసి రాయడం ఆయన పని. వాడకం లేనిచోట మిషన్ ఎత్తేసి, అందులో ఉన్నదంతా దూరంగా ఉన్న పెద్ద కాలేజీకి చేరుస్తారు. ముసలయ్య అక్కడికి పోలేడు. పోయినా లోపలికి రానియ్యరు. ఆ సంగతి విన్నప్పటి నుంచి స్తుతికి అన్నం సయించలేదు.

ఫజల్ సార్ కిషన్‌లాల్ తీసిన కాగితం బల్ల మీద పరిచాడు.

"ఇందులో ఉన్నది ఒక్క మనిషమ్మా. ఆయన స్టాఫు. స్టాఫు సొంతానికి చదువుకున్నది మేము వాడకం కింద రాయం. పైగా ఆయన లేడు. అంటే ఈ లైబ్రరీని ఎవ్వరూ వాడలేదని రాయాల్సి వస్తది."

కిషన్‌లాల్ గుమ్మంలోంచి తొంగి చూసి, "దయ్యాలకు మినహాయింపు ఉంటదా సార్?" అన్నాడు.

ఫజల్ సార్ నవ్వాడు గానీ పెన్ను మూయలేదు. స్తుతి గోడకు ఆనుకుని నిలబడింది. ఆఖరికి, "ఇయ్యాల సంత సార్," అంది. "కొంచెంసేపు కూసోండ్రి."

ఆయన ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. ఎబినేజర్ సారు కుర్చీలో, కిటికీ పక్కనే. మొదట ముసలయ్య వచ్చాడు. ఆ తర్వాత షబ్రీన్. ధన్‌సింగ్ వచ్చేసరికి బెంచీ మీద చోటు లేక గోడవారగా నిలబడ్డాడు. నర్సు వచ్చింది. ఇద్దరు విద్యార్థులు వచ్చారు. వచ్చినవాళ్లంతా, "సారు కార్డు మీద..." అంటూనే మొదలుపెట్టారు. ముసలయ్య వీధి మధ్యలో ఆగి కొత్తాయన్ని చూసి, "మీరు గూడ వస్తరా సార్? వాగు దాకానే పోతున్నం" అన్నాడు.

ఫజల్ సార్ వాగు దాకా కళ్లు మూసుకునే కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక ఆయన కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇట్ల నేను ఎక్కడా చూడలేదమ్మా. సారు పోయిన తర్వాత తెరిచినవన్నీ వీళ్లవే అని నేను రాస్త. దాని కింద నేనే సంతకం పెడత. కానీ ఒక్క ఏడాది వాడకం సరిపోదు. మొదటి ఏడాది సంగతేంది? అప్పుడు ఆయన బతికే ఉండె. లైబ్రేరియన్, పొద్దస్తమానం మిషన్ ముందే. అందులో ఆయన చదువుకున్నవెన్ని, వీళ్లకు తెరిచినవెన్ని? సగం తీసెయ్యమంటరు. సగం తీస్తే నిలబడదు."

"సారు సొంతానికి ఒక్కటి గూడ తెరవలే" అంది స్తుతి.

"నువ్వు అట్ల అంటే ఎవరు నమ్ముతరు? పుస్తకాల మధ్యనే పుట్టి పెరిగినోడు, చదవకుండ ఉంటడా? రుజువు ఏమన్న ఉందా?"

ఉంది. ఆమె దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది. చెప్పనని మాటిచ్చింది. చెబితే ఊళ్లో ఏమంటారో కూడా ఆమెకు తెలుసు. చూపులేకుండానే రెండేళ్లు జీతం తీసుకున్నాడంటారు, అందరి చప్పట్లూ ఉత్తగనే తీసుకున్నాడంటారు. నోరు తెరిచి చెప్పుకోవడానికి ఆయన లేడు.

"రేపు చెప్తా సార్" అంది. ఫజల్ సార్ మర్నాడు మధ్యాహ్నం బస్సుకు వెళ్తానన్నాడు.

పొద్దున్నే స్తుతి సారు ఇంటికి వెళ్లింది. ఆయన భార్య విశ్రాంతమ్మ వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందే, పొద్దుగాల్నే? మీ సారు ఏమన్న కబురు పంపిండా? ఊళ్ల అందరికీ అవుపిస్తుండట, కట్టుకున్నదానికి తప్ప."

స్తుతి ఎదురుగా కూర్చుని తనూ గింజలు తీయడం మొదలుపెట్టింది. చేతులకు పని ఉంటే ఆమెకు మాట వస్తుంది. తల ఎత్తకుండా మొత్తం చెప్పింది. మిషన్ పోతుందన్నది చెప్పింది, సారుకు తనిచ్చిన మాట చెప్పింది.

విశ్రాంతమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకు గూడ తెలుసా? నాకొక్కదానికే తెలుసనుకున్న. కూరల వెంట్రుక పడ్డా తిని, మస్తుందనేటోడు. అప్పుడే అర్థమయింది నాకు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పని అయ్యేదాక చెప్పొద్దన్నడు. పని అయింది గద?"

"నలుగురు నాలుగు మాటలంటరు అమ్మా."

"ఇప్పుడు ఏమంటున్నరే మరి? దయ్యమంటుంటే ఊకున్న. కండ్లు లేవంటే కొట్లాడ్తనా? పో, పోయి చెప్పు. పోయేటప్పుడు ఆ గింజలు అటు పక్కకు నెట్టి పో, కాళ్లకు గుచ్చుకుంటయి."

స్తుతి కాలేజీకి వెళ్లేసరికి ఫజల్ సార్ సంచీ సర్దుకుని వరండాలో నిలబడి ఉన్నాడు. పక్కన ప్రిన్సిపాల్ ఉన్నాడు, కిషన్‌లాల్ ఉన్నాడు, బయట నాగక్క ఖాళీ గ్లాసులు ఏరుతోంది. ఒక్కరే ఉంటారనుకుంది. ఇంతమంది. తాళ్లు కట్టిన మేకులు స్తంభాలకు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె ఒక స్తంభాన్ని చేత్తో పట్టుకుంది.

చెప్పింది. మొదట మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి, తర్వాత వాటంతటవే వచ్చాయి. జేబులోని అద్దాల గురించి, తలకిందుల కాగితం గురించి, మొదటి రోజు నుంచీ మిషన్ తెరిచింది ఎవరో, చదివి వినిపించింది ఎవరో. ప్రిన్సిపాల్ కిటికీ పక్కనున్న కుర్చీ వైపు చూశాడు. కిషన్‌లాల్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాగక్క ఒక్కతే అంది.

"అందుకే గదనే, చాయ్ గ్లాసు చేతికే ఇయ్యమనేటోడు. బల్ల మీద పెడితే తీసుకోకపోయేది. నేను పెద్దరికమనుకున్న."

ఫజల్ సార్ సంచీ కింద పెట్టి, స్తంభానికి ఆనుకునే రాయడం మొదలుపెట్టాడు. విశ్రాంతమ్మ గారితో ఒకసారి మాట్లాడాలన్నాడు. వెళ్లి మాట్లాడి వచ్చాడు. మధ్యాహ్నం బస్సు తప్పిపోయింది, సాయంత్రం బస్సుకు పోయాడు.

వానలు మొదలయ్యాక యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మిషన్ ఉంటుంది. బయటివాళ్లకు కూడా లాగిన్‌లు ఇవ్వాలి, స్తుతికి కూడా ఒకటి ఇవ్వాలి, చనిపోయిన వ్యక్తి పేరు తీసేయాలి. ఇంతే ఉంది అందులో. స్తుతి ఆ ఆఖరి పని రెండు రోజులు వాయిదా వేసింది. మూడో రోజు చేసింది. ముసలయ్యకు పాస్‌వర్డు చీటీ ఇస్తే రుమాలు కొసకు ముడేసుకుని, మరుసటి సంతకు ఆ రుమాలు ఇంట్లో మరిచి వచ్చాడు. "నీ కార్డు మీద తెరువ్ బిడ్డా" అన్నాడు.

దయ్యం మాట మాత్రం పోలేదు. వరండాలో నిలబడి విన్నవాళ్లు నలుగురే, బస్సుల్లో విన్నవాళ్లు ఎందరో. కొత్త ఏడాది చేరిన పిల్లలు ఆ గది ముందు గబగబా నడిచేవాళ్లు. ఒక రోజు వెంకటాపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా, లోపలికి రాకుండా నిలబడింది. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. గదిలో వెలుగు నీళ్ల అడుగున ఉన్నట్టు పచ్చగా ఉంది.

"అక్కా, మా ఊరు గూడ ఇందుల ఉందట గద."

"ఉంది. రా."

"మరి... పొద్దుగూకేదాక సారు చదువుతనే ఉంటడంట, నిజమేనా?"

స్తుతి బెంచీ మీద ఆమెకు చోటు చూపించింది.

"చదువుడు ఏంది చెల్లె? ఈ మిషన్ వచ్చేనాటికే సారుకు అక్షరం అవుపియ్యకపోయేది."